కన్యాశుల్కాన్ని ముక్కలు చేయకండి, ఏడు అంకాలూ ఆడించండి: గురజాడ ఉత్సవాల పెద్దలకు బహిరంగ లేఖ

విజయనగరంలో ఏటా గురజాడ జయంతి, వర్ధంతి సభలు జరిపించే పెద్దలకు, వాటికి అనుమతులూ నిధులూ ఇచ్చే అధికారులకు, ఆ వేదికలెక్కే సాహితీమిత్రులకు నమస్కారం.

సెప్టెంబరు 21, నవంబరు 30. ఈ రెండు తేదీలూ ఊరు మరిచిపోకుండా చూస్తున్నది మీరే. వాన కురిసినా, డబ్బు సమకూరకపోయినా విగ్రహానికి దండ పడకుండా పోయిన ఏడాది నాకు గుర్తు లేదు. అందుకు మీకు దండం పెడతాను. ఇక విషయానికొస్తాను.

నేను నాటకాల్లో వేషాలు వేసే మనిషిని. ఈ చుట్టుపక్కల గురజాడ వారి కన్యాశుల్కం నాటకం ఆడే చిన్న సమాజాల్లో బుచ్చమ్మతో మొదలుపెట్టి, మధురవాణి మీదుగా ఇప్పుడు పూటకూళ్లమ్మ దాకా వచ్చాను. ఉత్సవాల తీరు మార్చమని మా సమాజాల వాళ్లం కాగితం రాసి నిర్వాహకులకు ఇచ్చాం. సోమవారం గ్రీవెన్సులోనూ అర్జీ పెట్టాం. రసీదు ఇచ్చారు. కొన్నాళ్లకు 'మీ అర్జీ పరిష్కరించబడినది' అని ఫోనుకు మెసేజీ వచ్చింది. ఎవరు పరిష్కరించారో, ఏం పరిష్కరించారో ఇప్పటికీ తెలీదు. అందుకని ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

జయంతి సాయంత్రం స్టేజీ ముందు కూర్చునేవాళ్లకు వెనకాల ఏం జరుగుతుందో కనపడదు కాబట్టి ముందు అది చెప్తాను. కరపత్రంలో 'సాయంత్రం 6.30 గంటలకు కన్యాశుల్కం ప్రదర్శన' అని ఉంటుంది. మేం నాలుగింటికే మొహాలకు రంగు వేసుకుంటాం. ఆరున్నరకు ముఖ్య అతిథి ఇంకా బయల్దేరలేదని కబురు. ఆయన వచ్చాక జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, పరిచయాలు, ప్రసంగాలు, ఆపైన సన్మానాలు. మాలో లుబ్ధావధాన్లు వేసే పెద్దాయనకు షుగరుంది. రంగు చెరుగుతుందని అన్నం తినడు. అరటిపండు తిని, విగ్గు ఒళ్లో పెట్టుకుని, స్పీకరు పెట్టె మీద కూర్చుని ఉంటాడు. తొమ్మిది దాటాక నిర్వాహకుల్లో ఒకరు తెర పక్కకొచ్చి బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి చేర్చి చూపిస్తారు. కుదించమని. "పదిహేను నిమిషాల్లో కానిచ్చెయ్యండమ్మా, టెంటుహౌసు వాళ్లు గోల పెడుతున్నారు" అంటారు. తెర లేచేసరికి ముందు వరస సోఫాలు ఖాళీ. వెనక వరసల్లో కుర్రాళ్లు కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి పేరుస్తుంటారు. నాటకం కోసమే పల్లె నుంచి వచ్చిన ఒక ముసలావిడని లేవమని, ఆవిడ కుర్చీ కూడా పట్టుకుపోయారొకసారి. ఆవిడ వెళ్లిపోలేదు. మెట్ల మీద కూర్చుని, మేం ఆడిన ఆ సగం రంగమూ చూసి అడిగింది: "మిగతాది రేపా?"

ఆ ప్రశ్న మిమ్మల్నే అడుగుతున్నాను. మిగతాది ఎప్పుడు?

మా విన్నపాలు ఇవి.

1. నాటకం మొత్తం ఆడించండి.

ఈ నాటకం మొదట ఆడింది ఈ ఊళ్లోనే. 1892లో జగన్నాథ విలాసినీ సభ వాళ్లు ఆడారు. 1897లో అచ్చయింది, ఆనంద గజపతి మహారాజుకు అంకితమిచ్చారు. అక్కడితో ఊరుకోకుండా గురజాడ దాన్ని పట్టుకుని తిరగరాసి, 1909లో ఏడు అంకాల నాటకంగా బయటపెట్టారు. మధురవాణి ఇంత మనిషి అయ్యింది ఆ తిరగరాతలోనే. ఒక మనిషి అన్నేళ్లు చెక్కినదాన్ని మనం పదిహేను నిమిషాల్లో కానిచ్చేస్తున్నాం.

ముక్కలుగా ఆడితే ఏమవుతుందో చూడండి. ఎప్పుడూ ఆడేవి రెండే: గిరీశం వెంకటేశానికి చుట్ట మీద పాఠం చెప్పడం, మధురవాణి రామప్పంతుల్ని ఆడించడం. రెండూ నవ్వు పుట్టించేవే. జనం నవ్వుతారు, మేమూ సంతోషిస్తాం. కానీ ఊళ్లో ఒక తరం కన్యాశుల్కమంటే గిరీశం కామెడీ అనుకుంటోంది. చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు ఇస్తానన్న మొగుడు అగ్నిహోత్రావధాన్ల మొండితనం భరించలేక తల్లి వెంకమ్మ నూతిలో పడుతుంది. ఆ రంగం ఉత్సవంలో ఆడమని మమ్మల్ని ఎవరూ అడగలేదు. "జయంతి పూట ఏడుపు దేనికి" అన్నారొకరు. లుబ్ధావధాన్ల విధవ కూతురు మీనాక్షి కనపడదు. సారా దుకాణం రంగం ఉండదు. బైరాగి, హెడ్డు, దుకాణదారు కూర్చుని లోకాన్ని దులిపేసే ఆ రంగంలో ఉన్నంత రాజకీయం మన సభల్లో వక్తలందరూ కలిసి చెప్పరు. 'డామిట్, కథ అడ్డంగా తిరిగింది' అన్న మాట ఆటోవాడికీ వచ్చు. గిరీశం ఆ మాట ఏ ఘడియలో అన్నాడో, చివరికి బుచ్చమ్మను ఏ ఊరు పంపించారో అడిగి చూడండి. వేదిక మీదున్నవాళ్లలోనే సగంమంది తడుముకుంటారు.

ఏడు అంకాలకు ఏడు సాయంత్రాలు కావాలి. సెప్టెంబరు 21న మొదలుపెడితే 27కు అయిపోతుంది. దసరా ముందుకొచ్చిన ఏడాది పైడితల్లమ్మ సిరిమాను జాతర సందడిలో వీలుకాదంటారా, నవంబరు 24 నుంచి 30 వరకు పెట్టండి, వర్ధంతి నాటికి పూర్తవుతుంది. ఒక్కో అంకం ఒక్కో సమాజానికి ఇవ్వండి. ఏడుగురు గిరీశాలు, ఏడుగురు మధురవాణులు వస్తారు. ఎవరి గిరీశం బాగున్నాడని ఊరంతా వారం రోజులు వాదించుకుంటుంది. పండగంటే అదే కదా. అంకాలన్నీ ఒకే నిడివి కావు, ఒకరోజు త్వరగా ముగుస్తుంది, ఒకరోజు పొద్దుపోతుంది. ఆ లెక్క మేం వేసిస్తాం.

"ఎవరు చూస్తారండీ" అన్న మాట మాకు కొత్త కాదు. రాత్రి తొమ్మిదిన్నరకు, కుర్చీలు ఎత్తేశాక, నిజమే, ఎవరూ చూడరు. ఆరున్నరకు తెర లేపి అప్పుడు లెక్కపెట్టండి.

2. నాటకం ముందు, సభ తరవాత.

దీనికి పెద్ద వివరణ అక్కర్లేదు. ముందు నాటకం ఆడించి, విరామంలో ఒక్క సన్మానం, ఒక్క ప్రసంగం పెట్టండి. మాట్లాడే పెద్దలకు నాటకం చూసి మాట్లాడే అవకాశం కూడా దొరుకుతుంది. ఫ్లెక్సీల గురించి కూడా ఒక మాట: మా అందరి ఫొటోలూ పట్టాక మహాకవికి మిగిలే చోటు తపాలాబిళ్లంత. ఆ ఖర్చులో కొంత లైటింగుకిస్తే వెనక వరసకు మా మొహాలు కనపడతాయి.

3. కళాకారులకు ఇవ్వాల్సింది ఆ రాత్రే ఇవ్వండి.

నాటకం మొదట్లోనే గిరీశం ఒప్పుకుంటాడు, పూటకూళ్లమ్మకు సంతలో సామాను కొనిపెడతానని ఇరవై రూపాయలు పట్టుకెళ్లి ఖర్చుపెట్టేశానని. ఆ వేషం వేసే దాన్ని కాబట్టి బాకీల సంగతి నాకు బాగా తెలుసు. "బిల్లు పెట్టామమ్మా, రాగానే ఇస్తాం" అన్న మాట మీద మా సమాజాలు నెలలు గడుపుతున్నాయి. ఈలోగా మేకప్ ఆయనకు, హార్మోనియం ఆయనకు, నగలూ విగ్గులూ అద్దెకిచ్చే కొట్టువాడికి మేమే చేతి నుంచి ఇచ్చుకుంటాం. శాలువా తీసుకుని ఎవరూ బాకీ రద్దు చెయ్యరు. మా మేకప్ ఆయన ఈమధ్య పెళ్లిళ్ల సీజన్లో కేటరింగుకు వెళ్తున్నాడు. ఆయన చెయ్యి తిరిగితే పాతికేళ్లవాడు లుబ్ధావధాన్లయి లేస్తాడు. ఆ పని నేర్చుకుంటానని వచ్చిన కుర్రాళ్లు ఈ బాకీల సంగతి చూసి తిరిగి వెళ్లిపోయారు.

ఇక ఆడవాళ్ల సంగతి. 1892లో ఆడవేషాలు మగవాళ్లే కట్టేవారు. ఇప్పుడు మేం వేస్తున్నాం. కానీ చీర మార్చుకోడానికి చోటు మాత్రం 1892లోనే ఆగిపోయింది. ఆరుబయట స్టేజీ వెనక నాలుగు గుంజలకు తెరగుడ్డ చుట్టి 'గ్రీన్‌రూమ్' అంటారు. గాలికి ఆ గుడ్డ లేవకుండా ఒకరం పట్టుకుంటే మరొకరం చీర కట్టుకోవాలి. మరుగుదొడ్డి ఉండదు, మధ్యాహ్నం నుంచి మంచినీళ్లు తాగడం మానేస్తాం. పొద్దుపోయి అయ్యే నాటకానికి పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిలు తిరిగి వెళ్లడానికి బస్సుండదు. బుచ్చమ్మ వేషానికి మంచి గొంతున్న పిల్ల దొరికింది, వాళ్ల నాన్న రెండుసార్లు పంపించి, మూడోసారి వద్దన్నాడు. ఆయనది తప్పని నేననను. తలుపూ గొళ్లెమూ ఉన్న ఒక గది, ఒక మరుగుదొడ్డి, ఇళ్లకు దింపడానికి ఒక వాహనం. మేం అడిగేది ఇంతే.

4. పిల్లల్ని ఎండలో నిలబెట్టకండి.

జయంతి ఉదయం ర్యాలీకి బడిపిల్లల్ని తీసుకొస్తారు. 'దేశమంటే మట్టి కాదోయ్, దేశమంటే మనుషులోయ్' అని రాసిన అట్టలు వాళ్ల చేతుల్లో ఉంటాయి. పెద్దలు వచ్చేదాకా ఆ మనుషులే రోడ్డు పక్కన నిలబడతారు. సెప్టెంబరు ఉక్క మన ఊళ్లో ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. కళ్లు తిరిగి కూలబడ్డ పిల్లకు నీళ్లు తాగించి నీడలో కూర్చోబెట్టాను, అందుకే అడుగుతున్నాను.

ర్యాలీ బదులు ఇలా చెయ్యొచ్చు. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి గారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. గిడుగు, గురజాడ ఈ ఊళ్లో కలిసి చదువుకున్నవాళ్లు, వాడుక భాష కోసం కలిసి పోరాడినవాళ్లు. ఆ రోజున ప్రతి హైస్కూలుకూ కన్యాశుల్కంలో ఒక చిన్న రంగం ఇవ్వండి. సెప్టెంబరు 21కి మధ్యలో మూడు వారాలుంటాయి. పిల్లలు నేర్చుకుంటారు, వాళ్ల బడిలోనే, ఫ్యాను కింద ఆడతారు. నేర్పడానికి మేం వస్తాం, దారిఖర్చులిస్తే చాలు. నాటకంలో మాట ఈ గడ్డ మీద మాట్లాడుకున్న మాటే. మన పిల్లలు తరగతిలో తమ యాస మాట్లాడితే సిగ్గుపడుతున్నారు, స్టేజీ ఎక్కి చప్పట్ల మధ్య మాట్లాడితే ఆ సిగ్గు పోతుంది. కళ్లారా చూశాను.

పాత నాటకం, అందులో కొన్ని మాటలు ఇప్పుడు వినడానికి బాగోవు అనే టీచర్లున్నారు. నిజమే. విధవల మీద, కులాల మీద ఆ పాత్రలు విసిరే మాటలు ఇవాళ చెవికి గుచ్చుకుంటాయి. కోసేయకండి, నాటకం అయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడండి.

5. ఆ లెక్క చదివించండి.

1897 ముందుమాటలో గురజాడ ఒక లెక్క ఇచ్చారు. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో పిల్లకు డబ్బు తీసుకుని చేసిన కన్యాశుల్కపు పెళ్లిళ్ల జాబితా మహారాజు తయారు చేయించారు. డబ్బు తీసుకున్నామని ఒప్పుకునేవాళ్లు తక్కువ కాబట్టి అది పూర్తి జాబితా కాదని కూడా గురజాడే రాశారు. అయినా 1,034 పెళ్లిళ్లు తేలాయి. పెళ్లికూతుళ్లలో అయిదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44 మంది, మూడేళ్లవాళ్లు 36 మంది, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ముగ్గురి ఖరీదు తలకు 350 నుంచి 400 రూపాయలు.

జయంతి వేదికల మీద 'సంఘసంస్కర్త', 'యుగకర్త', 'వైతాళికుడు' అని ఎన్నోసార్లు విన్నాను. ఈ లెక్క చదివిన వక్తను నేను వినలేదు. నాటకం దీనిలోంచి పుట్టింది. ఇది వినకుండా అగ్నిహోత్రావధాన్లు కోపాన్ని చూస్తే నవ్వొస్తుంది, విని చూస్తే సుబ్బి వైపు చూపు పోతుంది.

కన్యాశుల్కం పోయింది, వరకట్నం వచ్చింది. చిన్నపిల్లల పెళ్లిళ్లు మాత్రం పూర్తిగా పోలేదు. 2006 చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్లి చేస్తే నేరం. అయినా పదో తరగతి పరీక్షలు రాసి, ఇంటర్లో చేరకుండా, మరుసటి ఏడాదికి చంకలో బిడ్డతో కనపడే అమ్మాయిలు మా పల్లెల్లో ఉన్నారు. మీ పల్లెల్లోనూ ఉంటారు. గురజాడ ఉత్సవంలో ఈ సంగతి ఒక్క పూట మాట్లాడాలి. అంగన్‌వాడీ కార్యకర్తలను, ఎ.ఎన్.ఎం.లను, ఇలాంటి పెళ్లి తప్పించుకుని చదువుకున్న ఆడపిల్లలను వేదిక మీదికి పిలవండి. పైన ఫ్లెక్సీలో 1098 అన్న అంకె పెద్దగా రాయించండి. చిన్నపిల్లల సహాయం కోసం పెట్టిన ఆ నంబరుకు మా అందరి ఫొటోల కంటే ఎక్కువ పని ఉంది.

6. పుస్తకం అందించండి, ఊరిని చూపించండి.

గురజాడ పోయింది 1915లో. ఆయన రచనల మీద ఇప్పుడు ఎవరికీ హక్కులు లేవు, ఎవరైనా అచ్చేసుకోవచ్చు. ఏడు అంకాల పుస్తకాన్ని, పాతమాటలకు అర్థాలతో, ఒక పూట టిఫిను ఖరీదుకు సభ దగ్గర అమ్మండి. జ్ఞాపికల మీద పెట్టే డబ్బు ఇందులో పెట్టినా చాలు. మా ఇంట్లో జ్ఞాపికలున్నాయి, వాటి గాజు తుడవడం తప్ప వాటితో మరో పని లేదు.

నాటకంలో మొదటి రంగం జరిగేది మన ఊళ్లోని బొంకులదిబ్బ దగ్గర. ఆ రంగాన్ని అక్కడే ఆడదాం. ఆ సంగతి చెప్పే పలకొకటి అక్కడ పెట్టించండి. అలా అని చెప్పి చుట్టుపక్కల బళ్లమీద అమ్ముకునేవాళ్లను ఆ రోజుకు తరిమేయకండి. సంత సామాను మాటతో మొదలైన నాటకానికి కూరగాయల బండి అడ్డం కాదు. గురజాడ కాపురమున్న ఇల్లు మన ఊళ్లో ఉంది. ఉత్సవాల వారంలో అది రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచి, చూడ్డానికి వచ్చినవాళ్లకు ఆ బల్ల ఏమిటో, ఆ ఉత్తరాలు ఎవరికి రాసినవో చెప్పగల ఒక మనిషిని పెట్టండి. పగలు పనులకు పోయేవాళ్లు చూడగలిగేది అప్పుడే.

7. కమిటీలో చోటు, ఖర్చులకు లెక్క.

ఉత్సవ కమిటీలో నాటకమాడేవాళ్లు ఇద్దరు, అందులో ఒకరు ఆడమనిషి, ఒక విద్యార్థి, ఒక గ్రంథాలయ పాఠకుడు ఉండాలి. ఎంత వచ్చింది, దేనికి ఎంత ఖర్చయింది, నెల తిరక్కుండా నోటీసు బోర్డులో అంటించాలి. డబ్బు లేదని మాతో అంటున్నారు, ఉండకపోవచ్చు. లెక్క కనపడితే మేమే చందాలకు తిరుగుతాం. సిరిమానుకు ఇచ్చే ఊరు ఇది, అడిగితే నాటకానికీ ఇస్తుంది.

పైవన్నీ ఒక్క ఏడాదిలో కావని తెలుసు. ఈ ఏడాదికి మూడు చెయ్యండి: ఆరున్నరకు తెర, ఆ రాత్రే పారితోషికం, ఆడవాళ్లకు గది. ఏడు సాయంత్రాల సంగతి వచ్చే ఏడాదికి తేల్చండి. దానికి ఇప్పుడే ఒక సమావేశం పెట్టి మమ్మల్ని పిలవండి.

ఆగస్టు 29లోపు మీ జవాబు కాగితం మీద కావాలి, మెసేజీలో కాదు. ఆ తేదీ దాటితే రిహార్సల్సు మొదలుపెట్టలేం. జవాబు రాకపోతే సెప్టెంబరు 21 సాయంత్రం మొదటి అంకం మా ఖర్చుతో మేమే ఆడతాం, మీ సభకు పోటీగా కాకుండా, అది మొదలయ్యే లోపే ముగిసేట్టు. మైకు అనుమతికి దరఖాస్తు విడిగా ఇస్తున్నాం, దాన్ని ఆపకుండా చూస్తే అదే పదివేలు. పూటకూళ్లమ్మ వేషం మాత్రం నాదే. చూడ్డానికి రండి, ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలుంటాయి.

ఇట్లు,
విజయనగరం నాటక సమాజాల తరఫున
ఒక రంగస్థల నటి